వాక్యూమ్ ఎగ్జాస్ట్ వాల్వులకు రిమోట్ కిట్లు: ఏది కొనాలి, ఎలా బిగించాలి

స్పోర్ట్స్ కారు సైలెన్సర్‌లోని శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్వును మన చేతికి తెచ్చే రిమోట్ కిట్లు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉన్నాయి. పెట్టె మీద పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: ఒక రిసీవర్ డబ్బా, రెండు చిన్న రిమోట్లు, మూడు నోళ్ళున్న ఒక సోలనాయిడ్ (కరెంటు ఇస్తే గాలి దారి మార్చే పరికరం), కాస్త హోసు, రెండు మూడు టీ జాయింట్లు (ఒక గొట్టాన్ని రెండుగా చీల్చే ముక్కలు), గుప్పెడు ప్లాస్టిక్ టైలు. ఈ సమీక్ష అలాంటి కిట్ల గురించే.

తీర్పు ముందే చెప్పేస్తాను. వాక్యూమ్‌తో (గాలి పీల్పుతో) పనిచేసే వాల్వులున్న కారుకి, ఫ్యాక్టరీ హోసు మధ్యలో సోలనాయిడ్ పెట్టుకునే రకం కిట్ నిక్షేపంగా కొనొచ్చు. అందులో వచ్చే హోసు మాత్రం వాడొద్దు. ఫ్యాక్టరీ సోలనాయిడ్ వైరు కోసి కలుపుకోమనే కిట్ వద్దే వద్దు. మీ కారు వాల్వుల మీద ఎలక్ట్రిక్ మోటార్లు ఉంటే ఈ రకం కిట్ దేనికీ పనికిరాదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

కొనేముందు కారు వెనక్కి వెళ్ళి, కిందకి వంగి సైలెన్సర్ చూడండి. పైపు పక్కన గుండ్రటి చిన్న డబ్బా ఉండి, దానికి పెన్సిలు కన్నా సన్నటి రబ్బరు గొట్టం ఒక్కటే తగిలించి ఉంటే అది వాక్యూమ్. నల్లటి ప్లాస్టిక్ పెట్టె, దానికి వైర్ల కనెక్టర్ ఉంటే అది ఎలక్ట్రిక్. ఒకే కంపెనీ కార్లలో కూడా మోడల్‌ని బట్టి ఇది మారుతుంది కాబట్టి అమ్మేవాడి పేజీలో ఉన్న కార్ల జాబితా కన్నా మీ కళ్ళనే నమ్మండి.

ఫ్యాక్టరీ ఏం చేస్తుందో తెలిస్తే కిట్ మంచిదో కాదో ఇట్టే తెలుస్తుంది. ఉదాహరణకి సీ6 (ఆరో తరం) షెవ్రొలే కార్వెట్ తీసుకుందాం. 2006లో వచ్చిన దాని శక్తివంతమైన రకం జడ్06లో రెండు రకాలుగా మోగే ఎగ్జాస్ట్ కారుతోపాటే వచ్చింది. మామూలు సీ6కి 2008 నుంచి ఎన్‌పీపీ అనే ఆప్షన్‌గా ఇచ్చారు. సైలెన్సర్ వాల్వు మూసుంటే పొగ మెలికలు తిరిగిన దారిలో వెళ్ళి శబ్దం అణుగుతుంది, తెరుచుకుంటే దగ్గరి దారిలో సూటిగా బయటపడుతుంది. ఇందులో ముఖ్యమైన విషయం ఒకటుంది. వాల్వుని తెరిచి ఉంచేది స్ప్రింగు, మూసేది వాక్యూమ్. ఇంజను ఇన్‌టేక్ నుంచి వచ్చే పీల్పుని సోలనాయిడ్ ద్వారా సైలెన్సర్ పక్కనున్న యాక్చువేటర్ డబ్బాలోకి పంపితే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) కడ్డీని లాగి వాల్వు మూస్తుంది. పీల్పు ఆగితే స్ప్రింగు తెరిచేస్తుంది. ఎక్కడ ఏది పాడైనా ఇంజను ఊపిరికి అడ్డు రాకూడదని అలా కట్టారు. బాగా తొక్కి ఆర్‌పీఎం పెంచినప్పుడు ఈసీయూ (ఇంజను కంప్యూటర్) తనే తెరుస్తుంది. పోర్షే స్పోర్ట్ ఎగ్జాస్ట్ ఉన్న 997, ఫెరారీ ఎఫ్430, 458, పాత బీఎండబ్ల్యూ 335ఐ కూడా ఇదే పద్ధతి.

రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే ఒక్కసారి గట్టిగా అరిచి ఆ తర్వాత అణగడానికీ ఇదే కారణం. నిల్వ ఉన్న వాక్యూమ్ రాత్రి కారిపోతుంది, వాల్వు తెరుచుకుంటుంది, ఇంజను తిరిగి పీల్పు పుట్టాక మూసుకుంటుంది. అది లోపం కాదు.

మరి పవర్ సంగతి? మామూలు సీ6లోని ఎల్ఎస్3 ఇంజనుకి జనరల్ మోటార్స్ ప్రకటించిన లెక్క మామూలు ఎగ్జాస్ట్‌తో 430 హార్స్‌పవర్, ఎన్‌పీపీతో 436. టార్కు 424 నుంచి 428 పౌండ్-అడుగులు. ఆ ఆరు హార్స్‌పవర్ కూడా ఈసీయూ ఎలాగూ వాల్వు తెరిచే పై ఆర్‌పీఎంలలోనే. కాబట్టి రిమోట్ కిట్ కొంటే పవర్ పెరుగుతుందని ఎవరైనా రాస్తే నమ్మొద్దు. మీరు కొంటున్నది శబ్దం మీద అదుపు. అది డబ్బు పెట్టదగ్గ విషయమే. యూరప్ శబ్ద నిబంధన ఆర్51 పరీక్ష గంటకు 50 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేట్ చేసి కొలుస్తుంది. అందుకే సరిగ్గా ఊళ్ళో తిరిగే వేగాల్లోనే చాలా కార్లు వాల్వులు బిగించేసుకుంటాయి, డ్రైవరు బటన్ నొక్కినా సరే. ఇష్టపడి కొన్న ఇంజను గొంతు తక్కువ వేగంలో వినపడకపోతే ఎవరికైనా వెలితిగానే ఉంటుంది.

కిట్ లేకుండా అయ్యే పని కూడా ఉంది. కార్వెట్‌లో ఎగ్జాస్ట్ సోలనాయిడ్ ఫ్యూజు తీసేస్తే పీల్పు ఆగి వాల్వులు తెరిచే ఉంటాయి. 335ఐలో సైలెన్సర్ దగ్గర హోసు పీకి, దాని నోటికి బిరడా పెడితే అదే ఫలితం. పైసా ఖర్చు లేదు. ఎప్పుడూ తెరిచే ఉంచాలనుకునేవాళ్ళకి, లేదా కొనేముందు తెరిచిన శబ్దం ఎలా ఉంటుందో రెండు రోజులు వినాలనుకునేవాళ్ళకి ఇది చాలు. నిజానికి అందరూ ముందు ఈ పని చేసి చూడాలి. హైవే మీద గంటసేపు తెరిచిన వాల్వుతో నడిపాక చాలామందికి కిట్ ఆశ తీరిపోతుంది.

అయితే హోసు పీకేటప్పుడు బిరడా మరవకండి. మామూలు ఇంజనులో ఆ నోటి నుంచి లెక్కలో లేని గాలి ఇన్‌టేక్‌లోకి పోతుంది. ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం) ఊగుతుంది, చివరికి గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడిందని పీ0171, పీ0174 అనే లోపం కోడ్లు వస్తాయి. 335ఐ ఎన్54 ఇంజనులో ఇంకా ఇబ్బంది. టర్బోల వేస్ట్‌గేట్లను (టర్బో ఒత్తిడిని అదుపు చేసే తలుపులను) నడిపేది కూడా అదే వాక్యూమ్ పంపు. వెనక సైలెన్సర్ దగ్గర వదిలేసిన చిన్న కన్నం వల్ల ముందు వేస్ట్‌గేట్లకి పీల్పు చాలక బూస్టు (టర్బో ఒత్తిడి) పడిపోయి 30ఎఫ్ఎఫ్ కోడ్ వస్తుంది. టర్బో పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు వెనక హోసు చూసుకోవాలి. బిరడాగా పార్ట్స్ షాపులో దొరికే వాక్యూమ్ రబ్బరు క్యాప్ వాడండి. టేపు చుట్టడం, గమ్ము పెట్టడం వేడికి నిలవవు.

ఇక రిమోట్ రకాలు. మొదటిది ఫ్యూజు స్థానంలో కూర్చునేది. రేడియో రిలేకి (రిమోట్‌తో నడిచే స్విచ్చికి) ఫ్యూజు కాళ్ళలాంటి రెండు కాళ్ళు పెడతారు. ఫ్యూజు తీసి దీన్ని గుచ్చితే రిమోట్ నొక్కినప్పుడల్లా చేత్తో ఫ్యూజు తీసి పెట్టిన పనే జరుగుతుంది. కార్వెట్‌కి ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. వైరు కోసేది లేదు, కారు కింద దూరేది లేదు, అమ్మేసేటప్పుడు పీకి పాత ఫ్యూజు పెడితే సరి. ఏ ఫ్యూజో మూత మీది పటం, ఓనర్స్ మాన్యువల్ చూసి తేల్చుకోండి. ఏడాదిని బట్టి తేడా ఉండొచ్చు కాబట్టి ఎక్కడో చదివిన నంబరు నమ్మొద్దు. ఒక్క షరతు: మీ కార్లో ఆ ఫ్యూజు మీద సోలనాయిడ్ తప్ప ఇంకేదీ ఆధారపడకూడదు. ఫ్యూజు తీసి ఇంజను నడిపి, చెక్ ఇంజిన్ లైటు వెలగట్లేదనీ, ఇంకేదీ ఆగలేదనీ చూసుకున్నాకే ఈ రకం కొనండి. చాలా యూరప్ కార్లలో ఆ ఫ్యూజు మీద ఇంకో నాలుగైదు సెన్సర్లు బతుకుతుంటాయి.

రెండోది ఫ్యాక్టరీ సోలనాయిడ్ వైరు మధ్యలో కలిపే రకం. రిమోట్ నొక్కితే వైరు తెగినట్టవుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సోలనాయిడ్ లోపలి కాయిల్ (తీగ చుట్ట) అవతల ఉందో లేదో ఈసీయూ గమనిస్తూ ఉంటుంది. సర్క్యూట్ తెగితే కోడ్ రాసుకుంటుంది. కొన్ని కిట్లలో దీన్ని మాయ చేయడానికి కాయిల్‌కి బదులు ఒక రెసిస్టర్ పెడతారు. ఆ రెసిస్టర్ చిన్నదైతే కాలిపోతుంది. 30 ఓముల కాయిల్ 12 వోల్టుల మీద దాదాపు 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 5 వాట్ల వేడి. చింతగింజంత పావు వాటు రెసిస్టర్ దాన్ని ఎక్కడ తట్టుకుంటుంది? పైగా ఫ్యాక్టరీ వైరింగ్ ఒకసారి కోశాక అతుకు ఎంత బాగా వేసినా వర్షంలో, బురదలో అది పచ్చబడక మానదు. ఈ రకాన్ని పక్కన పెట్టేయండి.

మూడోది ఈ సమీక్షకి అసలు సరుకు. ఫ్యాక్టరీ సోలనాయిడ్‌ని ముట్టుకోకుండా, దానికీ యాక్చువేటర్లకీ మధ్య ఉన్న హోసులో కిట్ సోలనాయిడ్ కూర్చుంటుంది. దానికి మూడు నోళ్ళు: ఒకటి యాక్చువేటర్ల వైపు, ఒకటి ఫ్యాక్టరీ వైపు, మూడోది ఖాళీగా గాలిలోకి. కరెంటు లేనప్పుడు మొదటి రెండూ కలిసి ఉంటాయి, కారు ఎప్పటిలాగే నడుస్తుంది. రిమోట్ నొక్కి కరెంటు ఇస్తే ఫ్యాక్టరీ వైపు నోరు మూసుకుని, యాక్చువేటర్ల వైపు నోరు గాలికి తెరుచుకుంటుంది. స్ప్రింగు వాల్వుని తెరిచేస్తుంది. ఈసీయూ తన సోలనాయిడ్‌ని తను ఆడించుకుంటూనే ఉంటుంది, దానికి ఏ తేడా తెలియదు. వాక్యూమ్ లీకూ లేదు, కోడ్డూ లేదు. కిట్ చచ్చిపోయినా కారు ఫ్యాక్టరీ స్థితికి వచ్చేస్తుంది. ఈ ఒక్క గుణం కోసమే నా ఓటు దీనికి.

పెట్టె విప్పాక ఒక్కో వస్తువు సంగతి.

సోలనాయిడ్ బాగానే ఉంటుంది. బిగించే ముందు మల్టీమీటర్‌తో కాయిల్ చూడండి. కొన్ని పదుల ఓములు చూపిస్తే సరే. సున్నాకి దగ్గరైనా, అసలు చదవకపోయినా వెనక్కి పంపేయండి. తర్వాత నోటితో ఊది చూడండి. కరెంటు లేకుండా ఏ రెండు నోళ్ళ మధ్య గాలి ఆడుతుందో, 12 వోల్టులు ఇస్తే ఏ రెండింటి మధ్య ఆడుతుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. కాగితం మీది బొమ్మ, చేతిలోని సోలనాయిడ్ ఒకదానికొకటి పొంతన లేకుండా రావడం ఈ కిట్లలో మామూలే. తిరగేసి బిగిస్తే రిమోట్ ఆఫ్‌లో తెరిచి, ఆన్‌లో మూసి కూర్చుంటుంది. ఇంకా ఘోరం, ఫ్యాక్టరీ వైపు నోరు గాలికి తెరుచుకుని లీకవుతూ ఉంటుంది.

హోసు మాత్రం నాసిరకం. చాలా కిట్లలో ఇచ్చేది పలచటి పీవీసీ లేదా పలచ గోడ సిలికాన్. పీవీసీ ఎగ్జాస్ట్ పక్కన మెత్తబడి జారిపోతుంది. పలచటి సిలికాన్ వేడిని తట్టుకుంటుంది కానీ వాక్యూమ్‌కి వంపు దగ్గర చప్పిడిగా అతుక్కుపోతుంది. అప్పుడు వాల్వు సగం మూసుకుని ఆగుతుంది, లేదా తెరుచుకోవడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, గోడ మందం కనీసం 2 మిల్లీమీటర్లు ఉన్న వాక్యూమ్ సిలికాన్ హోసు రెండు మీటర్లు కొనండి. మీ ఫ్యాక్టరీ గొట్టం 3.5 మిల్లీమీటర్లదైతే దానికి తగ్గదే తీసుకోండి, వదులుగా ఉన్నదాన్ని టై వేసి బిగించడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

టీ జాయింట్లు ప్లాస్టిక్‌వి, పెళుసు. ఇత్తడివో, కారు పార్ట్స్ షాపులో దొరికే నైలాన్‌వో వాడండి. ప్లాస్టిక్ టైలు బదులు చిన్న స్ప్రింగ్ క్లిప్పులు. రిసీవర్ డబ్బాలో లోటేమీ లేదు కానీ నీళ్ళు పడకుండా సీలు చేసి ఉండదు, అందుకని బంపర్ వెనక పెట్టొద్దు. డిక్కీలోనో, కార్పెట్ కిందో పెట్టి రెండు వైర్లు మాత్రం గ్రోమెట్ (రేకు కన్నానికి వేసే రబ్బరు రింగు) గుండా బయటికి తీయండి. ఇనుప రేకుల మధ్య ఇరికిస్తే రిమోట్ రేంజి సగానికి సగం పడిపోతుంది.

కొన్ని ఖరీదైన కిట్లలో చిన్న కరెంటు వాక్యూమ్ పంపు కూడా ఉంటుంది. అది ఫ్యాక్టరీ వాల్వులు లేని కారుకి బయటి వాల్వు సైలెన్సర్ వేసుకున్నవాళ్ళ కోసం. ఇక్కడ దాని పని లేదు.

ఇప్పుడు బిగింపు. ఇంజను, ఎగ్జాస్ట్ పూర్తిగా చల్లారాక, కారుని జాకు మీద కాకుండా స్టాండ్ల మీద నిలబెట్టి మొదలుపెట్టండి. మొదటి పని కిట్‌ది కాదు, మీ కారుది. చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు ఒకటి సంపాదించండి. ఒక్కో యాక్చువేటర్ హోసు విప్పి, పంపు తగిలించి, 15 అంగుళాల పాదరసం దాకా పీల్చండి. కడ్డీ ఒకే ఊపులో కదిలి వాల్వు మూసుకోవాలి. ఆ పీల్పు ఒక నిమిషం పాటు నిలవాలి. పంపు మీటరు సూది కిందకి జారుతుంటే డయాఫ్రమ్ చిరిగింది. సూది నిలిచినా కడ్డీ కదలకపోతే వాల్వు ఇరుసు పట్టేసింది. ఈ రెండింటికీ రిమోట్ కిట్ మందు కాదు. ఈ పరీక్ష చేయకుండా కిట్ బిగించి, ఒక పక్కే తెరుచుకుంటోందని కిట్‌ని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు.

యాక్చువేటర్లు బాగున్నాయని తేలాక హోసు వెంబడి ముందుకి వెళ్ళండి. రెండు సైలెన్సర్ల హోసులు ఎక్కడో ఒక టీ దగ్గర కలుస్తాయి, అక్కడి నుంచి ఒకటే గొట్టం ఫ్యాక్టరీ సోలనాయిడ్‌కి పోతుంది. కిట్ సోలనాయిడ్ ఆ ఒంటి గొట్టంలోనే పడాలి. టీ దాటి సైలెన్సర్ వైపు పెడితే ఒక పక్కే తెరుచుకుంటుంది. ఫ్యాక్టరీ గొట్టాన్నే కోస్తే తర్వాత వెనక్కి పెట్టడానికి ఉండదు. అందుకే పాతది కోయకుండా, అంతే పొడుగు కొత్త హోసు కోసి మధ్యలో సోలనాయిడ్ పెట్టి, పాత గొట్టాన్ని సంచిలో కట్టి దాచుకోండి. కారు అమ్మేటప్పుడు అది మీకు బంగారం.

సోలనాయిడ్ నోళ్ళు కిందకి చూసేట్టు నిలువుగా బిగించండి, లోపల చేరిన తేమ తనే కారిపోతుంది. ఎగ్జాస్ట్ పైపు నుంచి కనీసం ఓ జానెడు దూరం, చక్రం విసిరే నీళ్ళు పడని చోటు. గాలికి తెరిచి ఉన్న నోటికి చిన్న స్పాంజి ఫిల్టర్ ఉండాలి. కిట్‌లో ఇవ్వకపోతే ఫ్యాక్టరీ సోలనాయిడ్లకి వాడే బుడిపె ఫిల్టర్ కొని తగిలించండి. అది లేకపోతే వాల్వు మారినప్పుడల్లా దుమ్ము లోపలికి పోయి ఏడాది తిరగకుండా సోలనాయిడ్ ముక్కుతూ మూలుగుతూ పనిచేస్తుంది.

కరెంటు ఎక్కడి నుంచి అన్నది చాలామంది తప్పు చేసేచోటు. వాల్వు తెరిచి ఉన్నంతసేపూ ఈ కిట్ సోలనాయిడ్ కరెంటు తాగుతుంది. 0.4 ఆంపియర్లు రోజంతా అంటే 10 ఆంపియర్-అవర్లు. ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు నుంచి తీసి, రిమోట్ ఆన్‌లో మరిచిపోతే 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగో రోజుకి స్టార్ట్ చేయలేదు. వారాంతంలోనే బయటికి తీసే స్పోర్ట్స్ కారుకి ఇది ప్రాణాంతకం. కీ ఆఫ్ చేస్తే ఆగిపోయే ఫ్యూజునే ఎంచుకోండి. ఫ్యూజు ట్యాప్ (ఉన్న ఫ్యూజు స్లాటులోంచి ఇంకో లైను తీసే ముక్క) వాడండి, కొత్త స్లాటులో 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ట్యాప్‌ని తిప్పి గుచ్చినా పనిచేస్తుంది, అదే దానితో చిక్కు. సరైన వైపు గుచ్చితే కొత్త లోడు తన ఫ్యూజు గుండానే పోతుంది, తిరగేస్తే పాత ఫ్యూజు మీద కూడా పడుతుంది. ఫ్యూజు తీసి, స్లాటు రెండు కాళ్ళలో ఏది కరెంటు వచ్చేవైపో టెస్టర్‌తో చూసి, ట్యాప్‌లో ఫ్యూజులు రెండూ కలిసే కాలు అటు వచ్చేట్టు పెట్టండి.

ఎర్త్ వైరు పెయింటు గీకిన బాడీ బోల్టుకి. రిసీవర్ లోపల రిలే ఉంటే సరే. రిమోట్ వద్దనుకుని డాష్‌బోర్డులో మామూలు స్విచ్చి పెట్టుకునేవాళ్ళు కాయిల్ కొసలకి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఒకటి వేయాలి, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు. కరెంటు ఆపిన క్షణంలో కాయిల్ ఎదురు తన్నే వోల్టేజి స్విచ్చి కాంటాక్టులని కాల్చకుండా ఇది ఆపుతుంది. రూపాయి పాటి వస్తువు. నా దృష్టిలో స్విచ్చి రిమోట్ కన్నా నయం కూడా, బ్యాటరీ అయిపోవడం ఉండదు, జేబులో పొరపాటున నొక్కుకోవడం ఉండదు.

అంతా కలిపాక కారు ఎత్తులో ఉండగానే ఇంజను ఐడిల్‌లో పెట్టి, ఇంకో మనిషి చేత రిమోట్ నొక్కించి కడ్డీలు చూడండి. గ్యారేజీ తలుపు తీసి మాత్రమే. నొక్కగానే రెండూ ఒకేసారి ఒక సెకను లోపు తెరుచుకోవాలి, మళ్ళీ నొక్కితే రెండు మూడు సెకన్లలో మూసుకోవాలి. తెరుచుకోవడం స్ప్రింగు పని కాబట్టి చటుక్కున, మూసుకోవడం పీల్పు పని కాబట్టి మెల్లగా. మూసుకోవడానికి మరీ ఆలస్యమైతే ఎక్కడో లీకుంది. తెరుచుకోవడానికి ఆలస్యమైతే హోసు నలిగింది లేదా ఫిల్టర్ పూడింది. ఇక కీ ఆఫ్ చేసి, తలుపులు వేసి, అరగంట ఆగి బ్యాటరీ దగ్గర కరెంటు కొలవండి. కారు నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్లు దాటితే మీరు ఎంచుకున్న ఫ్యూజు తప్పు.

ఎక్కువ కాలం వాడితే కిట్ కన్నా వాల్వు ముందు పాడవుతుంది. ఎప్పుడూ తెరిచే ఉంచితే ఇరుసు చుట్టూ మసి, తుప్పు పేరుకుని అదే స్థితిలో బిగుసుకుపోతుంది. ఫ్యూజు పీకి ఏళ్ళ తరబడి వదిలేసిన సీ6లలో వాల్వులు కదలకుండా ఉండటానికి కారణం ఇదే. కారు నడిపిన ప్రతిసారీ ఒకటి రెండు సార్లైనా మూసి తెరవండి. పట్టేసిన వాల్వుకి చల్లగా ఉన్నప్పుడు చొచ్చుకుపోయే నూనె కొట్టి, రాత్రంతా వదిలి, కడ్డీని యాక్చువేటర్ నుంచి విప్పి చేత్తో మెల్లగా ఆడించండి. సుత్తితో కొట్టారంటే ఇరుసు వంగుతుంది. వదులయ్యాక పొడి గ్రాఫైట్ వేయాలి. గ్రీజు వేస్తే కాలి ఇంకా గట్టి మసి అవుతుంది. ఐడిల్‌లో గలగలమనే శబ్దం వస్తుంటే అది ఇరుసు బుష్ అరుగుదల లేదా స్ప్రింగు నీరసం. కొందరు వాల్వుని వైరుతో కట్టేస్తారు, గలగల ఆగుతుంది, దాంతోపాటు వాల్వు ఉన్న ప్రయోజనమూ ఆగుతుంది.

రోజువారీ వాడకంలో ఈ కిట్ విలువ తెలిసేది రెండు చోట్ల. ఒకటి హైవే మీది హోరు. వీ8 ఇంజను ఒక చుట్టుకి నాలుగు సార్లు పేలుతుంది, 1,800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 సార్లు. మాన్యువల్ కార్వెట్ ఆరో గేరులో గంటకు 70 మైళ్ళ దగ్గర 2,000 లోపే తిరుగుతుంది. సరిగ్గా ఆ స్వరం క్యాబిన్‌లో నిండిపోయి చెవుల్ని అదిమేస్తుంది, పాట వినపడదు, మాట వినపడదు. అక్కడ వాల్వు మూయగలగడం నిజమైన సుఖం. రెండోది తెల్లవారుజామున చల్లటి ఇంజను స్టార్ట్. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) త్వరగా వేడెక్కాలని ఈసీయూ స్పార్కు ఆలస్యం చేసి ఐడిల్ పెంచుతుంది, ఆ నిమిషం శబ్దం మామూలు ఐడిల్ కన్నా చాలా ఎక్కువ. కిట్ ఆఫ్‌లో ఉంటే ఫ్యాక్టరీ పద్ధతి ప్రకారం వాల్వు మూసుకుంటుంది. అందుకే కొనేముందు అమ్మేవాణ్ణి ఇది అడగండి: కీ తిప్పినప్పుడు కిట్ ఆఫ్‌లో లేస్తుందా, పోయినసారి ఉన్న స్థితిలో లేస్తుందా? ఆఫ్‌లో లేచేదే తీసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లారులో పార్క్ చేసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, కాంక్రీటు గోడల మధ్య ఆ శబ్దం మూడంతలుగా వినిపిస్తుంది.

చట్టం మాట ఒకటి. కాలిఫోర్నియాలో ఈ సైజు కార్లకి ఎగ్జాస్ట్ శబ్ద పరిమితి 95 డెసిబెల్స్. 2019లో అమల్లోకి వచ్చిన ఏబీ 1824 చట్టం తర్వాత, సరిచేసుకుని చూపిస్తే పోయే టికెట్టు కాకుండా నేరుగా జరిమానా పడే పరిస్థితి వచ్చింది. బే ఏరియాలో ఉండే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద మూడు నెలల వేటు. హైదరాబాద్‌లో ఖరీదైన కారు చూసి వదిలేస్తారనుకోవద్దు. కిట్ ఆఫ్ చేస్తే ఫ్యాక్టరీ శబ్దానికి రావడం ఇక్కడ ఉపయోగమే, కానీ తెరిచి నడుపుతుండగా పట్టుకుంటే ఆ మాట చెల్లదు. ఇళ్ళు, ఆస్పత్రులు, బడులు ఉన్నచోట మూసి ఉంచండి, చట్టం కోసం కాకపోయినా అక్కడి మనుషుల కోసం.

చివరగా, ఎలక్ట్రిక్ వాల్వుల కార్లు. బీఎండబ్ల్యూ ఎఫ్80 ఎం3, ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్, 2018 నుంచి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ యాక్టివ్ ఎగ్జాస్ట్ ఈ కోవలోవి. ఇక్కడ హోసే లేదు, మోటారు పళ్ళచక్రాలతో వాల్వుని తిప్పుతుంది, తిరిగిందో లేదో ఈసీయూకి చెబుతుంది. కనెక్టర్ పీకేస్తే వాల్వు ఉన్నచోటే ఆగిపోతుంది, కోడ్ పడుతుంది. వీటికి కొనాల్సింది ఫ్యాక్టరీ కనెక్టర్‌కీ మోటారుకీ మధ్య గుచ్చుకునే మాడ్యూల్. అది ఒకవైపు మోటారుని మనం చెప్పినట్టు తిప్పుతూ, రెండోవైపు ఈసీయూకి కావలసిన జవాబు ఇస్తూ ఉండాలి. వాక్యూమ్ కిట్ కొన్ని పదుల డాలర్లయితే మంచి మాడ్యూల్ కొన్ని వందలు. తేడా ఆ జవాబులోనూ, మోటారు చివరికి చేరాక కరెంటు తగ్గించే తెలివిలోనూ ఉంది. చవక మాడ్యూళ్ళు వాల్వు చివరిదాకా తిరిగాక కూడా మోటారుని నెడుతూనే ఉంటాయి, కొన్నాళ్ళకి ప్లాస్టిక్ పళ్ళు అరిగి యాక్చువేటరే మార్చాల్సి వస్తుంది. కీ తిప్పగానే వెనక నుంచి జుయ్‌మని వచ్చే చిన్న శబ్దం మోటారు తన రెండు చివరలూ కొలుచుకోవడం. మాడ్యూల్ పెట్టాక ఆ శబ్దం రావడం మానేసినా, నిమిషాల తరబడి వస్తూనే ఉన్నా వెంటనే పీకేయండి. ఈ మోటార్ల కనెక్టర్లు బంపర్ కింద నీళ్ళకి దగ్గరగా ఉంటాయి కాబట్టి, గుచ్చేముందు రబ్బరు సీలు జారలేదని చూసి, పిన్నులకి కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి, టక్‌మని లాక్ పడేదాకా నొక్కండి.